తెడ్డు ఎవరి చేతిలో ఉంది?

"పొట్లం దొరికినప్పుడు కొట్టంలో ఎవరెవరున్నారు?" అని అడిగింది లాయరు రుమ్యానా.

"అది తర్వాత చెప్తాను. ముందు పచ్చడి సంగతి వినమ్మా," అంది స్తోయిమెంకా.

పచ్చడి సంగతి రుమ్యానా ఇదివరకే విన్నది. ఒకసారి కాదు, వచ్చినప్పుడల్లా విన్నది. పోయినేడు సెప్టెంబరులో పోలీసులు ఈ ఇల్లు సోదా చేసిన రోజున పెరట్లో పొయ్యి మీద పెద్ద రాగి కాగు ఉంది. కాల్చి తొక్క తీసిన ఎర్ర మిరపకాయలూ టమాటాలూ అందులో కుతకుత ఉడుకుతున్నాయి. చలికాలమంతా రొట్టెలోకి ఇంటిల్లిపాదీ తినే ల్యుతెనిత్సా పచ్చడి అది. పొద్దుటి నుంచి సాయంత్రం దాకా తెడ్డుతో తిప్పుతూనే ఉండాలి. చెయ్యి ఆగితే అడుగంటుతుంది. అడుగంటిందా, కాగు కాగంతా మాడు కంపే. ఆ రోజు అదే జరిగింది. అదే రోజు కొట్టంలో వేలాడుతున్న గొర్రెతోలు కోటు జేబులో గంజాయి పొట్లం కూడా దొరికింది. కోటు స్తోయిమెంకా చనిపోయిన మొగుడిది, కేసు మాత్రం కొడుకు లచెజార్ మీద పడింది. కొండ ఊళ్ళకి అతను నడిపే బస్సు ఏడాదిగా ఇంకెవడో నడుపుతున్నాడు. ఈ రెండో సంగతిని స్తోయిమెంకా ఒక్క ముక్కలో తేల్చేస్తుంది. మొదటిది మాత్రం తీరిగ్గా చెబుతుంది.

"నలభై ఏళ్ళుగా కాగెక్కిస్తున్నాను. ఒక్కనాడు అడుగంటలేదు. ఆ వెలిచ్కా చేతికి తెడ్డిచ్చానో లేదో, అంతా బుగ్గిపాలు! పందులు కూడా ముట్టుకోలేదమ్మా."

ఎప్పటిలాగే తలూపబోయిన రుమ్యానా మధ్యలోనే ఆగింది.

"ఏ వెలిచ్కా?"

"ఎన్ని వెలిచ్కాలున్నారు? ఈ గోడవతలి మహాతల్లే."

"సోదాకి సాక్షిగా సంతకం పెట్టిన వెలిచ్కాగారేనా?"

"ఆఁ, ఆవిడే. ఆవిణ్ణీ, గంచో తాతనీ సాక్షులుగా లాక్కొచ్చాడు ఇన్‌స్పెక్టరు తోనెవ్. ఇంటావిడ మా వెంట రావాలన్నాడు. నేను వాళ్ళ వెంట పోతే కాగెవరు చూస్తారు? 'ఒసే, తెడ్డు పట్టు' అని దాని చేతికిచ్చాను. గంచో తాత కుర్చీ వేసుకుని పొయ్యిలో కట్టెలు ఎగదోస్తూ కూర్చున్నాడు. నేను కొట్టంలోంచి బయటికొచ్చేసరికి మాడు వాసన."

రుమ్యానా పెన్ను కింద పెట్టింది. ఇల్లు సోదా చేసేటప్పుడు వీధిలోంచి ఇద్దరు సాక్షులుండాలి. ఏది ఎక్కడ దొరికిందో వాళ్ళు కళ్ళారా చూడాలి. చూడకపోతే ఆ సోదా చెల్లదు, సోదా చెల్లకపోతే పొట్లం లేనట్టే, పొట్లం లేకపోతే కేసూ లేదు. సాక్షులిద్దరూ కొట్టంలో నిలబడి అంతా చూశామని సంతకాలు పెట్టారు. గంచో తాత మొన్న వసంతంలో పోయాడు. మిగిలింది వెలిచ్కా ఒక్కతే.

"ఈ మాట ఏడాది నుంచీ నాకెందుకు చెప్పలేదు పిన్నిగారూ?"

"చెప్తూనే ఉన్నాను కదా! నేను పచ్చడి అనగానే నువ్వు కిటికీలోకి చూస్తావు."

నిజమే, చూసేది. రుమ్యానాకి చెవులు వేడెక్కాయి. లచెజార్ బల్ల చివర కూర్చుని కాల్చిన మిరపకాయలకి తొక్క తీస్తున్నాడు. నలభై దాటినవాడు, తలుపు పట్టేంత మనిషి. ఆ లావు వేళ్ళతో మెత్తటి మిరపకాయ చిదిమిపోకుండా తొక్క లాగడం చూడముచ్చటగా ఉంటుంది. మొదటిరోజు ఆఫీసుకొచ్చి, "లాయరమ్మా, ఆ పొట్లం..." అని నోరు తెరిస్తే, "నేనడిగానా?" అంది రుమ్యానా. "లేదండి." "అయితే చెప్పకు." అతను తన కక్షిదారు, అది చాలు. పొట్లం అతనిదో కాదో ఆవిడకి అక్కర్లేదు. శిక్ష పడితే జైలు తప్పించుకున్నా స్టీరింగు మాత్రం మళ్ళీ ముట్టుకోనివ్వరు. బస్సు తప్ప ఇంకేమీ తెలియని మనిషి. తెల్లారగట్లే లేచి యూనిఫాం వేసుకుని, వెళ్ళడానికి చోటు లేక పెరట్లో తిరుగుతాడని తల్లి చెప్పింది.

"ఎల్లుండి కోర్టులో ఈ పచ్చడి గోలెందుకమ్మా, నవ్వుతారు," అన్నాడు లచెజార్.

"నువ్వు తొక్క తియ్యి," అంది రుమ్యానా.

మర్నాడు గోడవతలికి వెళ్ళింది. వెలిచ్కా పెరట్లోనూ మిరపకాయలు కాలుతున్నాయి. ఈ నెలలో ఈ ఊళ్ళో కాలని పెరడు ఉండదు. పొట్టిగా, గట్టిగా ఉండే మనిషి వెలిచ్కా. నెత్తికి రుమాలు కట్టుకుని, కాయల్ని ఒట్టి చేత్తోనే తిప్పుతోంది. వచ్చింది లాయరని తెలియగానే చేతులు కడుక్కుని, తలుపు దగ్గర నిటారుగా నిలబడి అప్పజెప్పింది.

"నేను కొట్టంలో ఉన్నాను. అన్నీ నా కళ్ళతో చూశాను. కోటు జేబులోంచి తీశారు. సంతకం నాదే."

"చక్కగా చెప్పారు. ఎవరు నేర్పారు?"

"నేర్పడమేంటి? తోనెవ్ మా వీధి వాడే. 'పిన్నీ, రాసింది రాసినట్టు చెప్పు, మాట మార్చావంటే దొంగ సంతకం కేసు నీ మెడకే' అన్నాడు. నాకెందుకొచ్చిన గొడవ?"

"మీరన్నది నిజమే. కొట్టంలో ఉన్నారు. అంటే కాగు దగ్గర లేరు."

వెలిచ్కా రుమాలు ముడి బిగించుకుంది.

"రొట్టె తింటావా అమ్మాయ్?" అంది.

తిననంటే ఊరుకునే మనిషి కాదు. రొట్టె మీద తన పచ్చడి మందంగా రాసి, పైన తెల్ల జున్ను చిదిమి, ఎదురుగా కూర్చుని రుమ్యానా నోటి వంకే చూసింది. పచ్చడి బ్రహ్మాండంగా ఉంది. రుమ్యానా ఆ మాటే చెప్పింది.

"మాడు రుచి తగిలిందా?"

"అబ్బే, ఎక్కడా లేదు."

"ఈ చేత్తో తిప్పిందే అది. యాభై ఏళ్ళ నుంచి తిప్పుతున్న చెయ్యి." వెలిచ్కా కుడిచెయ్యి బల్ల మీద పెట్టి చూపించింది, రుమ్యానా దాని మీద కూడా సంతకం పెట్టించుకుని పోవాలన్నట్టు. "ఇంతకీ ఆ మహాతల్లి నా గురించి ఏమంటోంది?"

"పచ్చడి మీరే మాడ్చారని."

"ఇంకా అంటోందా? ఏడాదైంది! పెళ్ళిళ్ళకి కాగెక్కిస్తే తెడ్డు ముందు నా చేతికిచ్చేవారు. ఇప్పుడు నన్ను కుర్చీలో కూర్చోబెట్టి పార్స్లీ ఆకు తరగమంటున్నారు. నాతో మాట మానేసిందంటే మానేసింది. అరవై ఏళ్ళ స్నేహం! పాలపళ్ళూడినప్పటి నుంచీ, పళ్ళు కట్టించుకునేదాకా! దేవుడున్నాడమ్మా. నేను తెడ్డు పట్టేసరికే..."

అక్కడ చటుక్కున నాలుక కరుచుకుంది. రుమ్యానా రొట్టె ముగించి, థాంక్స్ చెప్పి, ఇంకో ప్రశ్న వెయ్యకుండా లేచి వచ్చేసింది. కావలసింది దొరికింది. ముసలావిడ పరువునీ ముసలావిడ సంతకాన్నీ కోర్టులో ఒకదాని మీదకి ఒకటి ఉసిగొల్పాలి. గెలిపించే పనే గానీ గొప్పగా చెప్పుకునే పని కాదు. గేటు దాటాక కూడా నోట్లో ఆ పచ్చడి రుచి ఉండటం వల్ల రుమ్యానాకి ఇంకాస్త ఇబ్బందిగా అనిపించింది.

విచారణ రోజున కోర్టు హాలు కిటికీలు తెరిచే ఉన్నాయి. ఎదురింటివాళ్ళు మిరపకాయలు కాలుస్తున్నారు. మాట్లాడేవాళ్ళంతా మధ్యమధ్య గుటకలు మింగుతున్నారు. జడ్జి స్లావ్కోవా, ఆవిడకి అటూ ఇటూ తీర్పులో పాలుపంచుకునే ఇద్దరు మామూలు పౌరులుగా ఒక రిటైరైన టీచరూ, ఒక పూల కొట్టాయనా కూర్చున్నారు. ప్రాసిక్యూటరు కలోయనోవ్ బొద్దుగా, ఓపిగ్గా ఉండే మనిషి. ఓడిపోవడం అలవాటు లేదు.

ఇన్‌స్పెక్టరు తోనెవ్ వచ్చి సాక్షులిద్దరూ కొట్టంలో తన పక్కనే నిలబడ్డారని చెప్పాడు. స్తోయిమెంకా వచ్చి తను ముందు నడిచిందనీ, వెనకెవరున్నారో చూడలేదనీ చెప్పి, బెంచీ మీద కొడుకు వెనకాల కూర్చుంది. తర్వాత వెలిచ్కా వచ్చింది. చర్చికి వేసుకెళ్ళే నల్ల గౌను వేసుకొచ్చింది. ఇంటి దగ్గర అప్పజెప్పిందే పొల్లుపోకుండా మళ్ళీ అప్పజెప్పింది. తోనెవ్ తృప్తిగా చేతులు కట్టుకున్నాడు.

రుమ్యానా లేచింది.

"వెలిచ్కాగారూ, పోలీసులు వచ్చినప్పుడు పెరట్లో ఏముంది?"

"కాగు."

"పొయ్యి మీదేనా?"

"పొయ్యి మీద కాక మంచం మీద పెడతారా?"

టీచరు నవ్వాపుకున్నాడు.

"ఇంటావిడ పోలీసుల వెంట వెళ్తూ తెడ్డు ఎవరి చేతికిచ్చింది?"

వెలిచ్కా తోనెవ్ వంక చూసింది. "నా చేతికి."

"మీరేమో కొట్టంలో ఉన్నారు. అన్నీ చూశారు. అంటే తెడ్డు వదిలేసి వెళ్ళారు."

వెలిచ్కా గౌను అంచు పిడికిట్లో పట్టుకుంది.

"పొంగుతున్న కాగుని గాలికొదిలేసి కొట్టంలోకి వెళ్ళి నిలబడ్డారు. పచ్చడి మాడింది. తప్పు పట్టడం లేదండీ, పోలీసులు పిలిచారు, వెళ్ళారు. స్తోయిమెంకాగారు ఏడాదిగా అంటున్నది నిజమేనని కోర్టువారు రాసుకుంటే చాలు. పచ్చడి మాడ్చింది..."

"నేనా!" వెలిచ్కా కేకకి కిటికీలోని పావురం లేచిపోయింది. "నేను తెడ్డు వదిలానా? నేను? జడ్జిగారూ, మీరూ ఆడవారే, మీరే చెప్పండి, ఉడుకుతున్న కాగుని వదిలి ఎవరైనా కదులుతారా? ఒక్క క్షణం, ఒక్క క్షణం కదల్లేదు! కొట్టంలోకి తోనెవ్ వెళ్ళాడు, ఆ పొడుగాటి కానిస్టేబులు వెళ్ళాడు, ఈవిడ వెళ్ళింది. నేను కాగు దగ్గరే ఉన్నాను. గంచో తాత పక్కనే ఉన్నాడు, పైనుంచి వింటూనే ఉంటాడు పాపం. నా చేతిలో తెడ్డు ఉంది. కోటూ చూళ్ళేదు, జేబూ చూళ్ళేదు. సంతకం పెట్టమన్నారు, పచ్చడి చేత్తోనే పెట్టాను, ఆ కాయితం మీద ఎర్ర మరక ఇంకా ఉండి ఉంటుంది!"

జడ్జి ఫైలు తిప్పి చూసింది. పక్కనున్న ఇద్దరికీ చూపించింది. పూల కొట్టాయన దగ్గరగా వంగి చూసి తలూపాడు. తోనెవ్ చేతులు విప్పేశాడు.

రుమ్యానా కూర్చుంది. గెలిచేశాననుకుంది. కానీ కలోయనోవ్ నెమ్మదిగా లేచాడు. అతని అమ్మమ్మదీ ఈ ఊరే.

"వెలిచ్కాగారూ, మీలాంటి చెయ్యి తిరిగిన మనిషి ఒక్క క్షణం వదలకుండా తిప్పితే కాగు అడుగంటుతుందా?"

"అంటదు."

"మరి అడుగంటిందిగా. అంటే మీరు వదిలారు. కొట్టంలోకి వెళ్ళారు, మీ సంతకం చెబుతున్నట్టు. ఇప్పుడు మాత్రం పరువు కోసం మాట మారుస్తున్నారు."

"కాదు! నేను పట్టుకునేసరికే అంటుకుని ఉంది. తెడ్డు పెట్టగానే చేతికి తెలిసింది, అడుగున గరగరమంది. ఎంత గీకినా రాలేదు. ఈ మాట చెబితే ఆవిడ ఒప్పుకోదు!"

కలోయనోవ్ జడ్జి వైపు తిరిగి, ఇద్దరినీ ఎదురెదురుగా నిలబెట్టి అడగాలని కోరాడు. స్తోయిమెంకా వచ్చి నిలబడింది. ఏడాది తర్వాత ఆ ఇద్దరూ అంత దగ్గరగా నిలబడటం అదే మొదలు. ఒకరి మొహం ఒకరు చూసుకోకుండా ఇద్దరూ జడ్జి నెత్తి మీది గోడనే చూస్తున్నారు.

"స్తోయిమెంకాగారూ, మీరు తెడ్డు అందించేటప్పటికే కాగు అంటుకుని ఉందా?"

స్తోయిమెంకా కొడుకు వీపు వంక చూసింది. కాదంటే వెలిచ్కా అబద్ధాలకోరవుతుంది, సోదా నిలుస్తుంది, లచెజార్ మునుగుతాడు. ఏడాదిగా ఊరంతా చెప్పుకు తిరిగిన మాటని మింగడం తప్ప దారి లేదు.

"అంటుకుని ఉంది," అంది.

వెనక బెంచీల్లో గుసగుసలు లేచాయి. వెలిచ్కా గడ్డం ఎత్తి, మొదటిసారి స్నేహితురాలి మొహంలోకి చూసింది.

"ఎందుకంటుకుంది?" అన్నాడు కలోయనోవ్. "నలభై ఏళ్ళుగా అంటుకోని కాగు. పోలీసులు గుమ్మంలోకి రాకముందే మీరు దాన్ని వదిలి వెళ్ళారన్నమాట. ఎక్కడికి వెళ్ళారమ్మా?"

స్తోయిమెంకా మళ్ళీ కొడుకు వీపు వంక చూసింది. రుమ్యానాకి ఒక్క క్షణంలో అంతా అర్థమైంది. వీధి మలుపులో పోలీసు కారు కనపడింది. ఈవిడ తెడ్డు వదిలేసింది. ఇంట్లోకి పరిగెత్తి, కొడుకు ఎక్కడ పెట్టుకున్నాడో తెలిసిన పొట్లాన్ని తీసింది. కొట్టంలోకి పోయి చచ్చిపోయిన మొగుడి కోటు జేబులో దాచింది. ఆ కాస్త సేపటికే పచ్చడి అంటుకుంది. ఎందుకు వదిలావని ఎవరూ అడగకుండా నెపం వెలిచ్కా మీద వేసింది. అరవై ఏళ్ళ స్నేహాన్ని తీసుకెళ్ళి కొడుకుకి అడ్డం పెట్టింది. లేచి అభ్యంతరం చెప్పాలని రుమ్యానాకి తెలుసు, కానీ దేనికి అభ్యంతరమో తోచలేదు. స్తోయిమెంకాకి అబద్ధం చెప్పడం చాతకాదు, నింద వెయ్యడం వరకే వచ్చు. మొహం మెడ దాకా ఎర్రబడింది.

వెలిచ్కా ఆ ఎర్రదనాన్ని చూస్తోంది. చూస్తూ చూస్తూ ఆవిడ కళ్ళు ఒకసారి లచెజార్ వైపు వెళ్ళి తిరిగొచ్చాయి.

"ఎక్కడికీ వెళ్ళలేదు," అంది వెలిచ్కా.

"మిమ్మల్ని అడగలేదు."

"నేను చెప్తున్నాను. ఆవిడ నా పరువు కాపాడుతోంది. కాగు శుభ్రంగానే ఉంది, నేనే మాడ్చాను."

"ఇప్పుడేగా అంటుకుని ఉందన్నారు!"

"ఏ ఆడదైనా నేనే మాడ్చానని సులువుగా ఒప్పుకుంటుందా నాయనా? కాగు దగ్గరే ఉన్నాను, కదల్లేదు, అది నిజం. చేతిలో తెడ్డూ ఉంది. కానీ గంచో తాత తన ఆపరేషన్ సంగతి మొదలెట్టాడు. ఎక్కడ కోశారో, ఎన్ని కుట్లు వేశారో! నోరు తెరుచుకుని విన్నాను. చెయ్యి ఆగిపోయింది. అంతే." తన కుడిచేతి వంక చూసుకుంది. "వయసైపోయింది. ముసలి చెయ్యి."

హాల్లో ఎవరూ నవ్వలేదు. జడ్జి స్లావ్కోవా కళ్ళజోడు తీసి ఇద్దరు ముసలమ్మల్నీ చాలాసేపు చూసింది. స్తోయిమెంకా చెంపల మీంచి కన్నీళ్ళు ధారగా కారుతున్నాయి. పచ్చడి మాడినందుకు ఏడాది తర్వాత కోర్టులో ఎవరూ అలా ఏడవరు. జడ్జి కూడా ఇల్లాలే. ఏదో అడగబోయింది.

"ఇంకేమైనా ప్రశ్నలున్నాయా?" అని మాత్రం అడిగింది జడ్జి, కలోయనోవ్‌ని.

అతను నోరు తెరిచి ఆలోచించాడు. ఏ దారిన పోయినా ఈవిడ కాగు దగ్గరే తేలుతోంది. "లేవండి," అన్నాడు.

మధ్యాహ్నానికి తీర్పు వచ్చింది. సాక్షి చూడని సోదా చెల్లదన్నారు, లచెజార్‌ని వదిలేశారు. వరండాలో అతను రుమ్యానా చేతిని రెండు చేతులతోనూ పట్టుకున్నాడు.

"లాయరమ్మా, ఒక్క మాట. నాన్న కోటు జేబులోకి ఎలా వచ్చిందా అని ఏడాదిగా బుర్ర బద్దలు కొట్టుకుంటున్నాను. నేను పెట్టింది..."

"లచో, ఇక్కడ గోడలన్నీ పోలీసులవే. ఇంటికెళ్ళి అమ్మ కాళ్ళ మీద పడు. ఆ తర్వాత గోడ దూకి ఆవిడ కాళ్ళ మీద కూడా పడు. మళ్ళీ ఆ చెత్త ముట్టుకున్నావని తెలిస్తే నీ మీద కేసు నేనే పెడతాను."

అతను తలొంచుకున్నాడు. మెట్ల దగ్గర స్తోయిమెంకా వెలిచ్కా చెయ్యి పట్టుకోబోయింది.

"ఒసే వెలిచ్కా, నేను..."

"నోర్ముయ్," అంది వెలిచ్కా పెదవులు కదపకుండా. "వెనకాల తోనెవ్ వస్తున్నాడు."

శనివారం స్తోయిమెంకా కాగెక్కించింది. వీధి వీధంతా వచ్చింది. పిలవకపోతే బాగుండదని తోనెవ్ పెళ్ళాన్ని కూడా పిలిచారు, ఆవిడ బుట్టెడు టమాటాలతో వచ్చింది. రుమ్యానా ఖాళీ సీసాల పెట్టె మోసుకొచ్చి ఒక పక్కన కూర్చుంది. లచెజార్ కట్టెలు కొడుతున్నాడు. సోమవారం నుంచి బస్సు. మిరపకాయల గుజ్జు కాగులో పడి బుడగలెయ్యడం మొదలవగానే స్తోయిమెంకా గోడ దగ్గరికి నడిచి, అక్కడ పార్స్లీ తరుగుతూ కూర్చున్న వెలిచ్కా ముందు నిలబడి, అందరూ చూస్తుండగా తెడ్డు చేతికిచ్చింది.

తోనెవ్ పెళ్ళాం తరుగుతున్న కత్తి పక్కన పెట్టింది.

"ఆవిడ చేతికా పిన్నీ?" అంది తోనెవ్ పెళ్ళాం. "కోర్టులో తనే ఒప్పుకుంది కదా, మాడ్చానని. మా ఆయన చెప్పాడు."

"ఈవిడ మాడ్చలేదు," అంది స్తోయిమెంకా. గొంతు పెద్దదైంది, మెడ ఎర్రబడింది. "అందరూ వినండి. పోయినేడు అసలేం జరిగిందంటే..."

"ఉప్పేదే?" అని అరిచింది వెలిచ్కా. "కాగెక్కించావు, ఉప్పు తేలేదు! పో, లోపలికి పో! పోయి తీసుకురా!" స్తోయిమెంకా కదలకపోతే తెడ్డు పిడితో పక్కటెముకల్లో పొడిచి మరీ తోసింది. ఆవిడ వంటింట్లోకి పోయేదాకా చూసి, ఆడవాళ్ళ వైపు తిరిగింది. "అవును, నేనే మాడ్చాను. జడ్జిగారికి చెప్పాను, చాలదా? ఇంటింటికీ వచ్చి చెప్పాలా?"

తోనెవ్ పెళ్ళాం తన పీట తీసుకొచ్చి కాగు పక్కనే వేసుకుని, వెలిచ్కా చేతి మీద కన్నేసి కూర్చుంది. మిగతావాళ్ళు తరగడంలో పడ్డారు గానీ, వాళ్ళ చూపులూ మాటిమాటికీ అటే పోతున్నాయి.

"పిన్నీ, అడుగు చూసుకో, అడుగు," అంది తోనెవ్ పెళ్ళాం. ముప్పై ఏళ్ళు లేవు ఆవిడకి. పెళ్ళైన కొత్తలో తెడ్డు ఎలా పట్టుకోవాలో ఆవిడకి నేర్పింది వెలిచ్కాయే.

"అలాగేనమ్మా," అంది వెలిచ్కా.

"గబగబా తిప్పు. మళ్ళీ ఏ కథో వింటూ ఉండిపోతావు."

"తిప్పుతున్నాను తల్లీ."

రుమ్యానా ఎన్నో కేసులు గెలిచింది గానీ, గెలిచినదానికి ఎవరు ఎంత కడుతున్నారో ఇలా పీట వేసుకుని కూర్చుని చూడటం ఎప్పుడూ జరగలేదు. లేచి తోనెవ్ పెళ్ళాన్ని నాలుగు దులిపెయ్యాలనిపించింది. దులిపితే మొన్నటి తీర్పు మళ్ళీ కోర్టుకెక్కుతుంది, అప్పీలుకి గడువు ఇంకా ఉంది. నోరు మూసుకుని సీసాలు తుడవడం మొదలుపెట్టింది.

వంటింటి గుమ్మంలో స్తోయిమెంకా ఉప్పు డబ్బా గుండెకి అదుముకుని నిలబడిపోయింది. మొహం తుడుచుకుంటోంది, తుడుచుకున్నకొద్దీ మళ్ళీ తడుస్తోంది, బయటికి రాలేకపోతోంది. లచెజార్ గొడ్డలి పట్టుకుని తల్లినీ వెలిచ్కానీ మార్చి మార్చి చూస్తున్నాడు. ఎవరి దగ్గరికి పోవాలో అతనికి తెలియలేదు.

వెలిచ్కా వెనక్కి తిరగలేదు. తెడ్డు కాగు అడుగుదాకా దింపి, నిదానంగా, ఒకే తీరులో తిప్పుతోంది.

"ఏమే," అంది వంటింటి వైపు గొంతెత్తి, "ఉప్పు కోసం సముద్రానికి పోయావా? రావే, నా పక్కన నిలబడు."

స్తోయిమెంకా వచ్చి నిలబడింది.